నల్లరాతిలో నల్ల మచ్చలు: గాబ్రో, డ్యూనైట్ లాంటి రాళ్లలో ఆక్సైడ్, సల్ఫైడ్ ఖనిజాలను గుర్తుపట్టడం ఎలా?

ఎమ్మెస్సీ జియాలజీ ప్రాక్టికల్ రికార్డులు తిరగేస్తే గాబ్రో వర్ణన చివర ఒక మాట తరచూ కనిపిస్తుంది: ‘మిగిలినవి ఒపేక్ ఖనిజాలు’. బాగా పల్చగా అరగదీసిన రాతి ముక్కకి, అంటే థిన్ సెక్షన్‌కి, కింద నుంచి వెలుతురు పంపితే ఆ ఖనిజాల్లోంచి అది బయటికి రాదు. అన్నీ ఒకేలా నల్లగా కనిపిస్తాయి, విద్యార్థి పని అక్కడితో అయిపోతుంది. కానీ క్రోమియం, నికెల్, వనేడియం, ప్లాటినం కోసం కంపెనీలు ఈ రాళ్ల వెంట పడేది ఆ నల్ల మచ్చల కోసమే. రాయి ఎలా చల్లారింది, తర్వాత దానికి నీళ్లు తగిలాయా, మళ్లీ కాలిందా అన్న ప్రశ్నలకు కూడా చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

ఈ మార్గదర్శి క్వారీలో సుత్తి పట్టిన దగ్గర్నుంచి మైక్రోస్కోప్ దాకా వరసగా వెళ్తుంది. ఆ వరస తప్పకండి. ఖనిజం పేరు చెప్పాలన్న తొందరలో నేరుగా మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేవాళ్లే ఇల్మనైట్‌ని మ్యాగ్నటైట్ అని రాస్తారు.

1. ముందు రాయి పేరు తేల్చుకోండి

మేఫిక్ రాళ్లంటే సిలికా సుమారు 45 నుంచి 52 శాతం ఉండి, ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నవి: గాబ్రో, నోరైట్, డోలరైట్, బసాల్ట్. అల్ట్రామేఫిక్ అంటే ఆలివిన్, పైరాక్సీన్ లాంటి ముదురు ఖనిజాలే 90 శాతానికి పైగా ఉన్నవి: డ్యూనైట్, హార్జ్‌బర్గైట్, పైరాక్సినైట్.

రాయి పేరు తెలిస్తే దాంట్లో ఏ ఒపేక్ ఖనిజం ఉండొచ్చో సగం తెలిసినట్టే. మాగ్మా, అంటే భూమి లోపల కరిగి ఉన్న రాయి, చల్లారేటప్పుడు క్రోమియం తొందరగా బయటపడుతుంది. అందుకే క్రోమైట్ ఆలివిన్‌తో కలిసి డ్యూనైట్, హార్జ్‌బర్గైట్‌లలో కనిపిస్తుంది. పైరాక్సీన్‌లో ఒక రకమైన క్లైనోపైరాక్సీన్ స్ఫటికాలు మొదలయ్యాక మిగిలిన క్రోమియాన్ని అవే లాగేసుకుంటాయి, క్రోమైట్ ఆగిపోతుంది. ఇనుము, టైటానియం మాత్రం మిగిలిన ద్రవంలో పేరుకుంటూ పోయి ఆలస్యంగా ఇల్మనైట్, మ్యాగ్నటైట్‌లుగా వస్తాయి. దక్షిణాఫ్రికాలో మాగ్మా పొరలు పొరలుగా గట్టిపడిన బుష్‌వెల్డ్ ప్రాంతంలో ఈ వరస కొండంత సైజులో కనిపిస్తుంది. క్రోమైట్ పొరలు కింది భాగాల్లో ఉంటాయి, వనేడియం ఉన్న మ్యాగ్నటైట్ పొరలు చాలా పైన ఉంటాయి.

మన దగ్గర చూడాలంటే రెండు చోట్లు. విజయవాడ పక్కనున్న కొండపల్లిని బొమ్మల ఊరుగానే అందరూ ఎరుగుదురు గానీ, ఆ చుట్టుపక్కల కొండల్లో గాబ్రో, నోరైట్, అనార్థోసైట్, పైరాక్సినైట్‌లతో పాటు క్రోమైట్ కూడా ఉంది. రెండోది ప్రకాశం జిల్లా చీమకుర్తి. అక్కడి ‘బ్లాక్ గెలాక్సీ’ని వ్యాపారంలో గ్రానైట్ అంటారు, జియాలజీ లెక్కలో అది గాబ్రో, నోరైట్ కుటుంబం రాయి. గ్రానైట్‌కి ఉండాల్సిన క్వార్ట్జ్ దాంట్లో వెతికినా దొరకడం కష్టం.

క్రోమైట్, ఇల్మనైట్, మ్యాగ్నటైట్ ఆక్సైడ్‌లు, అంటే లోహం ఆక్సిజన్‌తో కలిసినవి. లోహం గంధకంతో కలిసిన సల్ఫైడ్‌లది వేరే లెక్క. మాగ్మా కరిగించుకోగలిగినంత గంధకం దాంట్లో ఉన్నంతసేపు సల్ఫైడ్ ఏర్పడదు. ఆ హద్దు దాటితే సల్ఫైడ్ వేరే ద్రవంగా విడిపోయి బొట్లు బొట్లుగా మారుతుంది. ఈ బొట్లు చుట్టూ ఉన్న మాగ్మా కంటే బాగా బరువు, అందుకని కిందికి దిగుతాయి. దిగుతూ చుట్టుపక్కల నికెల్‌ని, రాగిని, ప్లాటినం జాతి లోహాలను పీల్చుకుంటాయి. రష్యాలో నికెల్ గనులున్న నోరిల్స్క్ దగ్గర మాగ్మా దారిలో గంధకం ఉన్న అవక్షేప శిలలను కరిగించుకుని ఈ హద్దు దాటిందని చాలామంది ఒప్పుకునే వివరణ. కాబట్టి సల్ఫైడ్ వెతికేటప్పుడు గాబ్రో పైభాగం కంటే అడుగు, అంచు, పక్క రాతిని తాకిన చోటు ముందు చూడండి.

2. శాంపిల్ తీయడం

పేలుళ్ల టైమ్ కనుక్కోకుండా, అనుమతి లేకుండా క్వారీలోకి దిగొద్దు. సుత్తి దెబ్బ వేసేముందు కళ్లద్దాలు పెట్టుకోండి, గాబ్రో పెచ్చు గాజు ముక్కంత పదునుగా లేస్తుంది.

ఒక్కో చోట రెండు ముక్కలు తీయండి. ఒకటి తాజాగా పగలగొట్టింది, రెండోది ఎండకీ వానకీ మాగిన పైతోలు ఉన్నది. సల్ఫైడ్ ఉన్న రాయి పైన తుప్పు రంగులో మచ్చలు, కారిన చారలు ఉంటాయి. రాగి ఉంటే వాటి పక్కన ఆకుపచ్చ చిలుము కనబడుతుంది. నికెల్ ఉంటే లేత ఆపిల్ ఆకుపచ్చ రంగు పూత రావచ్చు. లోపల కంటికి ఆనని సల్ఫైడ్‌ని ఈ పైతోలే ముందు పట్టిస్తుంది. ఆలివిన్ మాగినా తుప్పు రంగే వస్తుంది కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయానికి రావద్దు.

3. లెన్స్, సూది

పది రెట్ల హ్యాండ్ లెన్స్ చాలు. ముందు లోహపు మెరుపు ఉందా లేదా చూడండి. రంగుల విషయంలో మన ఇళ్లలో గిన్నెల పేర్లే బాగా పనికొస్తాయి: చాల్కోపైరైట్ (రాగి-ఇనుము సల్ఫైడ్) ఇత్తడి రంగు, పిర్హొటైట్ (ఇనుము సల్ఫైడ్) కంచు రంగు. పెంట్లండైట్ (నికెల్-ఇనుము సల్ఫైడ్) కూడా కంచుకి దగ్గరగా, కొంచెం పాలిపోయి ఉంటుంది. లెన్స్‌తో దాన్ని పిర్హొటైట్ నుంచి విడదీయడం మామూలుగా కుదరదు, ఆ పని మైక్రోస్కోప్‌కి వదిలేయండి. ఆక్సైడ్‌లన్నీ నలుపే. క్రోమైట్, ఇల్మనైట్ మెరుపు లోహానికి ఒక మెట్టు తక్కువ, తారులా కాస్త మందంగా ఉంటుంది.

బంగారు రంగు కనిపిస్తే చాలు సల్ఫైడ్ అనుకోవడం అందరూ పడే గొయ్యి. బ్లాక్ గెలాక్సీ ముక్క ఒకటి పగలగొట్టి ఎండలో నిదానంగా తిప్పి చూడండి. బంగారు చుక్క ఒక కోణంలో మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది, మణికట్టు కాస్త తిప్పగానే మొత్తం ఒక్కసారిగా ఆరిపోతుంది. అది బ్రాంజైట్, పైరాక్సీన్‌లో ఆర్థోపైరాక్సీన్ అనే రకం. దానిలోపల ఒకే దిశలో పేర్చినట్టున్న అతి సన్నటి ఇనుము-టైటానియం ఆక్సైడ్ పలకలు వెలుతురుని ఒకే వైపుకి తిప్పి కొడుతున్నాయి. అంటే ఆ మెరుపు లోహానిది కాకపోయినా దాని వెనక ఉన్నది ఆక్సైడ్ ఖనిజమే. నిజమైన చాల్కోపైరైట్ అయితే విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, రాయి ఎటు తిప్పినా దాంట్లో ఏదో ఒక మూల మెరుస్తూనే ఉంటుంది.

ఇంకా అనుమానముంటే ఉక్కు సూదితో గీయండి. పదికి లెక్కగట్టే మోస్ స్కేల్ మీద చాల్కోపైరైట్, పిర్హొటైట్ కాఠిన్యం నాలుగు దగ్గర్లో ఉంటుంది, సూది దిగి నల్లటి పొడి వస్తుంది. బ్రాంజైట్ మీద అలా పొడి రాదు. ఇంకో ఇనుము సల్ఫైడ్ అయిన పైరైట్ కాఠిన్యం ఆరు పైనే, సూది జారిపోతుంది. మాగిన బయోటైట్ మైకా కూడా బంగారంలా మోసం చేస్తుంది గానీ సూది మొన పెడితే పొరలుగా లేచిపోతుంది.

4. అయస్కాంతం ఒకటి కాదు, రెండు

మార్కెట్లో దొరికే నియోడైమియం అయస్కాంతం మరీ బలమైనది. అది మ్యాగ్నటైట్‌తో పాటు ఇల్మనైట్‌నీ, క్రోమైట్‌నీ, ఇనుమున్న పైరాక్సీన్ పొడిని కూడా కొంత లాగేస్తుంది. అందుకని పాత స్పీకర్‌లోంచి తీసిన నల్ల ఫెర్రైట్ అయస్కాంతం ఒకటి కూడా దగ్గర పెట్టుకోండి.

రాతిని పొడి చేసి కాగితం మీద పరచండి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ తొడగండి, లేకపోతే అంటుకున్న పొడిని వదిలించడానికి పూట పడుతుంది. ముందు ఫెర్రైట్‌ని పొడికి కాస్త ఎత్తులో తిప్పండి. ఎగిరి అతుక్కునేది మ్యాగ్నటైట్, ఒక్కోసారి పిర్హొటైట్. పిర్హొటైట్‌లో ఒక రకానికి మంచి అయస్కాంత గుణం ఉంటుంది, ఇంకో రకానికి దాదాపు ఉండదు. కాబట్టి కంచు రంగు ఖనిజాన్ని అయస్కాంతం లాగలేదని పిర్హొటైట్ కాదనేయకండి. ఫెర్రైట్ పని అయ్యాక నియోడైమియం తిప్పితే వచ్చేవాటిలో ఇల్మనైట్, క్రోమైట్ ఉండొచ్చు. పెంట్లండైట్, చాల్కోపైరైట్, పైరైట్ కాగితం మీదే ఉండిపోతాయి.

రెండు చిక్కులున్నాయి. ఇనుప రోట్లో రాతిని దంచితే రోటి ఇనుమే పొడిలో కలిసి అయస్కాంతానికి ఎగబడుతుంది. రెండోది ఇంతకంటే ముఖ్యం. డ్యూనైట్‌లోకి నీరు చేరి ఆలివిన్ సర్పెంటిన్ అనే ఆకుపచ్చ ఖనిజంగా మారేటప్పుడు అందులో ఇమడని ఇనుము సన్నటి మ్యాగ్నటైట్ పొడిగా బయటపడుతుంది. అలాంటి రాయి అయస్కాంతాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అది మాగ్మా నుంచి వచ్చిన మ్యాగ్నటైట్ కాదు, క్రోమైట్ అంతకన్నా కాదు. రాయి ఆకుపచ్చగా, తడిమితే సబ్బులా తగులుతూ ఉంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

5. గీటు రంగు

ఖనిజాన్ని గీసి పొడి రంగు చూసే పలక, అంటే స్ట్రీక్ ప్లేట్, లేకపోతే బాత్రూమ్ టైల్ వెనకవైపు, మెరుగు లేని తెల్లటి భాగం సరిపోతుంది. ఎర్రమట్టి టైల్ పనికిరాదు. రేణువు చిన్నదైతే సూదితో గీకిన పొడిని తెల్ల కాగితం మీద వేలితో రుద్దండి.

క్రోమైట్ గీటు గోధుమ రంగు. ఈ ఒక్క పరీక్షతో కొండపల్లి క్రోమైట్‌కి, ఏ గాబ్రోలోనో దొరికే మ్యాగ్నటైట్‌కి తేడా అక్కడికక్కడే తేలిపోతుంది, ఎందుకంటే మ్యాగ్నటైట్ గీటు నిక్కచ్చి నలుపు. ఇల్మనైట్‌ది నలుపే, కొన్నిసార్లు గోధుమ ఛాయ ఉంటుంది. ఎర్రగా వస్తే హెమటైట్ కలిసింది. సల్ఫైడ్‌లలో పిర్హొటైట్ ముదురు బూడిద నలుపు, చాల్కోపైరైట్ ఆకుపచ్చ నలుపు.

6. పాలిష్ సెక్షన్

ఇక్కడ టైమ్ పెట్టండి. కోసిన రాతి ముక్క ముఖాన్ని వజ్రం పేస్టుతో ఆరు, మూడు, ఒక మైక్రాన్ వరకు వరసగా పాలిష్ చేయాలి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్లేముందు సెక్షన్‌ని, చేతుల్ని శుభ్రంగా కడుక్కోవాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా మెత్తటి చాల్కోపైరైట్ మీద గీతలు పడతాయి. పాలిష్ చేసిన సల్ఫైడ్ ముఖం గాలికి మసకబారుతుంది. చాన్నాళ్ల క్రితం చేసిన సెక్షన్‌ని చూసేముందు ఒక మైక్రాన్ పేస్టుతో మళ్లీ మెరుగు పెట్టండి, లేకపోతే రంగులన్నీ అబద్ధం చెబుతాయి.

రిఫ్లెక్టెడ్ లైట్ మైక్రోస్కోప్‌లో వెలుతురు పైనుంచి పడి తిరిగి వస్తుంది. మొదట క్రాస్డ్ నికల్స్ (ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్టర్లు) పెట్టకుండానే చూడండి. రంగు కంటే ముందు ఏది ఎక్కువ తెల్లగా వెలుగుతోంది, ఏది తక్కువ అన్న వరస రాసుకోండి. సిలికేట్‌లు ముదురు బూడిద. వాటికంటే ఒక మెట్టు పైన క్రోమైట్, పడిన వెలుతురులో సుమారు 13 శాతం తిప్పి పంపుతుంది. ఇల్మనైట్, మ్యాగ్నటైట్ 20 శాతం చుట్టుపక్కల. పిర్హొటైట్ 35 నుంచి 40, చాల్కోపైరైట్ 45కి దగ్గర, పెంట్లండైట్ దాదాపు 50, పైరైట్ అంతకంటే కాస్త ఎక్కువ. ఆక్సైడ్‌లకీ సల్ఫైడ్‌లకీ మధ్య ఇంత ఎడం ఉంది కాబట్టి ఆ రెండు గుంపులు చూడగానే విడిపోతాయి.

రంగు ఎప్పుడూ పక్కనున్న ఖనిజంతో పోల్చి చెప్పాలి. ఒంటరిగా ఉన్న పెంట్లండైట్ తెల్లగా అనిపిస్తుంది. అదే పిర్హొటైట్ పక్కనుంటే మీగడ పసుపుగా మారిపోతుంది, పిర్హొటైట్ దాని పక్కన గులాబీ-గోధుమగా కనిపిస్తుంది. చాల్కోపైరైట్ పసుపు మాత్రం ఎక్కడున్నా దాగదు. మ్యాగ్నటైట్ పక్కన ఇల్మనైట్‌కి కొంచెం గులాబీ-గోధుమ ఛాయ ఉంటుంది.

తర్వాత క్రాస్డ్ నికల్స్ వేసి, సెక్షన్ పెట్టిన గుండ్రటి స్టేజిని తిప్పండి. ఇల్మనైట్, పిర్హొటైట్ తిప్పుతుంటే వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. మ్యాగ్నటైట్, క్రోమైట్, పెంట్లండైట్, పైరైట్ ఎంత తిప్పినా చీకటిగానే ఉంటాయి. ఇల్మనైట్‌కీ మ్యాగ్నటైట్‌కీ, పిర్హొటైట్‌కీ పెంట్లండైట్‌కీ తగువు ఇక్కడ తీరిపోతుంది. క్రోమైట్ పలచని అంచుల్లో, పగుళ్ల దగ్గర ఎర్రటి గోధుమ రంగు లోపలి నుంచి తొంగిచూస్తే అది ఇంకో సాక్ష్యం.

7. ఎవరు ముందు, ఎవరు తర్వాత

పేర్లు తేలాయి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

కెనడాలోని సడ్బరీ ఖనిజం ముక్క ఒకటి దొరికితే సల్ఫైడ్ చరిత్ర మొత్తం ఒక్క సెక్షన్‌లో చదవొచ్చు. 1883లో రైలు మార్గం వేస్తుండగా అక్కడి ఖనిజం బయటపడింది, ఇప్పటికీ పాఠాలు చెప్పేది దానితోనే. సెక్షన్‌లో ఎక్కువ భాగం పిర్హొటైట్. దాని రేణువుల హద్దుల వెంట పెంట్లండైట్ గొలుసులా సాగుతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే ఆ హద్దుల నుంచీ, పగుళ్ల నుంచీ పిర్హొటైట్ లోపలికి సన్నటి మంట నాలుకల ఆకారంలో మరికొంత పెంట్లండైట్ పొడుచుకొచ్చి ఉంటుంది. చాల్కోపైరైట్ సాధారణంగా బొట్టు అంచుల్లో, మూలల్లో చేరి ఉంటుంది.

సల్ఫైడ్ ద్రవం వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైన గట్టిపడటం మొదలుపెట్టినప్పుడు ముందు వచ్చేది ఇనుము, నికెల్ కలిసిన ఒకే ఘన పదార్థం. రాగి అందులో ఇమడక మిగిలిన ద్రవంలోకి వెళ్లింది, అందుకే చాల్కోపైరైట్ అంచుల్లో ఉంది. వేడి సుమారు 600 డిగ్రీలకు దిగాక ఆ ఘన పదార్థం నికెల్‌ని పట్టి ఉంచలేక పెంట్లండైట్‌గా బయటికి నెట్టింది. అప్పటికి పరమాణువులు దూరం కదలగలవు కాబట్టి రేణువు హద్దు దాకా వెళ్లి గొలుసు కట్టాయి. ఇంకా చల్లారాక ఎక్కువ దూరం పోలేక ఉన్నచోటే మంట ఆకారంలో మిగిలిపోయాయి. గొలుసుని మొదటి తరం, మంటని రెండో తరం అనొచ్చు.

ఆక్సైడ్‌లలో దీనికి జోడీ మ్యాగ్నటైట్‌లోని ఇల్మనైట్ పలకలు. మ్యాగ్నటైట్ రేణువులో ఇల్మనైట్ సన్నటి పట్టీలు కొన్ని నిర్దిష్ట దిశల్లో ఒకదాన్నొకటి కోసుకుంటూ జాలీలా ఉంటాయి. టైటానియం ఎక్కువున్న మ్యాగ్నటైట్ చల్లారుతూ కొంత ఆక్సిజన్‌ని తీసుకుంటే ఇలా జరుగుతుందని 1964లో బడింగ్టన్, లిండ్స్లీ చూపించారు. ఈ రెండు ఖనిజాల రసాయన మిశ్రమం నుంచి ఉష్ణోగ్రత లెక్కకట్టే పద్ధతి కూడా వాళ్లదే. అయితే దాన్ని గాబ్రో మీద వాడి ‘మాగ్మా ఇంత వేడి’ అని రాసేవాళ్లతో నేను ఒప్పుకోను. నిదానంగా చల్లారిన రాతిలో ఈ ఖనిజాలు మాగ్మా దశ దాటాక కూడా చాలాకాలం ఒకదానితో ఒకటి పరమాణువులు మార్చుకుంటూనే ఉంటాయి. వచ్చే అంకె ఆ మార్పిడి ఎప్పుడు ఆగిందో చెబుతుంది, మాగ్మా వేడిని కాదు. గబుక్కున చల్లారిన లావా అయితే వేరే మాట.

క్రోమైట్ ఎక్కడ కూర్చుందో చూడండి. ఆలివిన్ రేణువు లోపల చిక్కుకుని, ముఖాలు తీరిన చిన్న స్ఫటికంగా ఉంటే ఆలివిన్ కంటే ముందో, దానితో పాటో వచ్చింది. క్రోమైట్ చుట్టూ ఇంకాస్త తెల్లగా మెరిసే అంచు ఉంటే అది తర్వాతి మార్పు. ఆ అంచులో అల్యూమినియం, మెగ్నీషియం తగ్గి ఇనుము పెరిగి ఉంటుంది. రసాయన విశ్లేషణకి రేణువు మధ్యభాగమే తీసుకోవాలి.

కొండపల్లి లాంటి తూర్పు కనుమల రాళ్లలో ఇంకో మెలిక ఉంది. అక్కడి ప్రాంతం ఒకప్పుడు చాలా ఎక్కువ వేడికి లోనై రూపాంతరం చెందింది. క్రోమైట్ రేణువులు మూడేసి ఒక బిందువు దగ్గర దాదాపు 120 డిగ్రీల కోణాల్లో కలుస్తూ కనిపిస్తే అది మాగ్మా అడుగున పేరుకున్న తీరు అనుకోవద్దు, గట్టి రాయి మళ్లీ వేడెక్కి రేణువులు సర్దుకున్న గుర్తు.

సల్ఫైడ్ ఆలివిన్ రేణువుల సందుల్లో, వాటి గుండ్రటి అంచులకు ఒదిగి ఉంటే అప్పటికి అది ద్రవం. పగులు వెంట గీతలా, పక్కన క్లోరైట్, కార్బొనేట్‌లతో ఉంటే వేడి నీళ్లు తర్వాత తెచ్చిపెట్టింది.

8. అంకెలు చూసి మోసపోకండి

ల్యాబ్ రిపోర్టులో డ్యూనైట్‌కి నికెల్ 2500 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 2500, అంటే 0.25 శాతం) వచ్చిందని సంబరపడేవాళ్లున్నారు. మామూలు డ్యూనైట్‌లో అంత నికెల్ ఉండటం సహజం, అది ఆలివిన్ లోపలే ఉంటుంది. గంధకం ఎంతో చూడకుండా నికెల్ అంకెకి విలువ లేదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకోండి. రాయిలో గంధకం 4 శాతం, నికెల్ 0.6 శాతం. పిర్హొటైట్ ఎక్కువున్న సల్ఫైడ్ మిశ్రమంలో గంధకం దాదాపు 37 శాతం, కాబట్టి రాయిలో సల్ఫైడ్ సుమారు 11 శాతం. ఆలివిన్‌లో ఉన్న నికెల్ 0.1 అని తీసేస్తే మిగిలింది 0.5. దాన్ని 0.11తో భాగిస్తే సల్ఫైడ్‌లో నికెల్ 4.5 శాతం పైన. రాయిలో సల్ఫైడ్ ఎక్కువైనా తక్కువైనా ఒకే మాగ్మా నుంచి వచ్చిన శాంపిళ్లను పోల్చడానికి ఈ అంకె పనికొస్తుంది.

సెక్షన్‌ని ఈపీఎమ్ఏకి, అంటే ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కో రేణువు రసాయన మిశ్రమం కొలిచే యంత్రానికి, పంపుతుంటే ముందే రిఫ్లెక్టెడ్ లైట్‌లో ఫోటోలు తీసి, కావాల్సిన రేణువుల చుట్టూ మార్కర్‌తో సున్నాలు చుట్టండి. విశ్లేషణకి పైన కార్బన్ పూత వేస్తారు. పూత పడ్డాక పెంట్లండైట్ మీగడ రంగూ, పిర్హొటైట్ గులాబీ ఛాయా మారిపోతాయి, మెషిన్ ముందు గంటకింత అని డబ్బు కడుతూ ఏ రేణువు ఏదో వెతుక్కోవాల్సి వస్తుంది.